షక్ మేడం

ఆలియాకు ‘షక్ మేడం’, అంటే అనుమానాల మేడం, అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు మా కంపెనీలో వాచ్‌మన్ దగ్గర్నుంచి యజమాని దాకా అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. అదీ వెనకాల. ముఖం మీద పిలిచే ధైర్యం నాకు తప్ప ఎవరికీ లేదు. నాకైనా ఎందుకుందంటే, ఆవిడ అనుమానాలన్నిటికీ మొదటి ముద్దాయిని నేనే కాబట్టి.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చిన్న కంపెనీ. వెనక రేకుల షెడ్డు, ముందు రెండు గదులు. ఖరీదైన సరుకు కొనలేని చిన్న ఫ్యాక్టరీలకు యంత్రాలను అదుపులో పెట్టే కంట్రోలర్లు చేసి ఇస్తాం. చూడడానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె. లోపలి బోర్డు నేను చేస్తాను. దాని మీద నడిచే ప్రోగ్రాం ఆలియా రాస్తుంది. పెట్టె బాగా పనిచేస్తే ప్రోగ్రాం గొప్ప. పనిచేయకపోతే ‘శివన్నా, నీ సోల్డరింగ్ జెర సూడు’. వచ్చిన రోజు నుంచీ ఇదే పాట. నా పేరు శివకుమార్. ఈ కంపెనీలో తల నెరిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మర్యాద కూడా ఉండదు ఆ పిల్లకు.

చాయ్ తాగేముందు గ్లాసు వెలుతురుకు పట్టి చూస్తుంది. ఆటో ఎక్కితే డ్రైవర్ మాట నమ్మక ఫోన్‌లో దారి చూసుకుంటుంది. కిష్టారెడ్డిపేటలో ఫ్లాట్ కిరాయికి తీసుకున్నప్పుడు ఓనరు ‘నీళ్ళకు ఢోకా లేదమ్మా’ అన్నాడట. ఈవిడ మేడెక్కి, ట్యాంకు మూత తీసి, లోపలికి తొంగి చూసి, అప్పుడు సరేనందట. ఆ సంగతి నాకు చెప్పి వాళ్ళమ్మ ఆలంబీ గారు నెత్తి కొట్టుకున్నారు. “దీన్ని చేసుకునేటోడు ఏమైతడో ఏమో భయ్యా, వాని ఖర్మ!” అన్నారు.

ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి తనే చెప్పింది. సంగారెడ్డిలో వాళ్ళ నాన్న గులాం రసూల్ గారికి గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఇచ్చిన గడియారం వెనక్కి తీసుకుంటూ ప్రతివాడూ ‘లోపలి సామాను మార్చలేదు గదా రసూల్ భాయ్’ అని నవ్వుతూ అడిగేవాడట. ఆయన కిక్కురుమనకుండా, తీసేసిన పాత చక్రాన్ని కాగితంలో చుట్టి వాళ్ళ చేతిలో పెట్టేవాడట. ఆలియా ఆ బల్ల పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ పెరిగింది. “మా అబ్బాను ఒక్కడు గుడ నమ్మలే శివన్నా. మల్ల నేనెందుకు నమ్మాలె ఎవర్నన్న?” అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. బొంతపల్లి దగ్గర డబ్బా మూతలు కొట్టే ఫ్యాక్టరీ ఒకటి మాకు పాత గిరాకీ. అక్కడి ప్రెస్సు యంత్రాలకు మా పెట్టెలే ఉంటాయి. పనివాడు రేకు లోపల పెట్టి, చేయి తీసి, కాలితో పెడల్ తొక్కితే పైనుంచి అచ్చు దిగి మూత కొడుతుంది. చేయి లోపలుండగా అచ్చు దిగకుండా, యంత్రం ముందర ఒక సెన్సార్ నుంచి కంటికి కనపడని కిరణం అడ్డంగా పోయి, ఎదుటి అద్దానికి తగిలి వెనక్కి వస్తుంటుంది. చేయి కిరణాన్ని తెంపిందా, మా పెట్టె అచ్చును ఆపేయాలి. దాని పని అదొక్కటే.

ఒకరోజు పొద్దున షిఫ్టు మొదట్లోనే చిన్నరాములు అనే ఆపరేటర్ చేయి లోపల ఉండగా అచ్చు దిగింది. దేవుడి దయవల్ల వేళ్ళు దక్కాయి. గ్లౌజు కొస మాత్రం అప్పడంలా అణిగిపోయింది.

ఆ చుట్టుపక్కల యూనిట్లలో ఒక దొంగ అలవాటు ఉంది. పని జల్దీ కావాలని, సెన్సార్ ముందు మెరిసే టేపు ముక్క ఒకటి అతికిస్తారు. కిరణం ఆ టేపుకే తగిలి తిరిగి వచ్చేస్తుంది. చేయి ఉన్నా లేనట్టే లెక్క. అందుకే అచ్చు దిగిందనగానే ఆ ఫ్యాక్టరీ మేనేజర్ చిన్నరాములు సంచి తీసి దులిపాడు. మెరిసే టేపు చుట్ట ఒకటి కింద పడింది. ప్రెస్సు ఒంటి మీద కూడా ఆ టేపు ముక్క ఒకటి చిరిగి వేలాడుతోంది. ఇంకేముంది, దొంగ దొరికాడు! ఆ టేపు వీరభద్రస్వామి ఫోటో అతికించడానికి తెచ్చుకున్నానని చిన్నరాములు మొత్తుకున్నాడట. అచ్చు దిగిన అదురుకు ఫోటో ఊడి నూనెలో పడి ఉంది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆ రోజే గేటు బయటికి పంపారు. విచారణ అన్నారు. ‘టేపు ఏసినోడు’ అని ఒకసారి పేరు పడితే ఆ పక్కన ఏ ఫ్యాక్టరీ గేటూ మళ్ళీ తెరుచుకోదు. ఆ మనిషికి వచ్చిన పనల్లా ప్రెస్సు పనే.

మా యజమాని మురళీమోహన్ గారికి ఈ వార్త చల్లగా ఉంది. “బతికిపోయినం. మన పెట్టెకేం కాలేదు, ఆపరేటర్‌దే తప్పు. ఆలియా, పెట్టె మంచిగనే ఉన్నదని రెండు ముక్కలు రాసియ్యి. వాళ్ళకు గదే కావాలె,” అన్నారు.

“చూడకుండ ఎట్ల రాస్త సార్?”

“టేపు దొరికింది గదమ్మా?”

“దొరికింది సంచిల సార్. సెన్సార్ మీద కాదు. పెట్టె తెప్పియ్యుండ్రి.”

పెట్టె వచ్చింది. వస్తే ఏం చేయాలి? ప్రోగ్రాం రాసింది నువ్వు, ప్రోగ్రాం చూడు. అబ్బే! స్క్రూలు విప్పి, భూతద్దం పెట్టి, నా బోర్డు మీది సోల్డరింగ్ టాంకాలు ఒక్కొక్కటీ గిల్లి చూసింది. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. “నీ ప్రోగ్రాం ఏమన్న ఆకాశంకెల్లి ఊడిపడ్డదా?” అని అరిచాను. “దాన్ని గుడ చూస్త శివన్నా, లైన్ల నిలవడనియ్యి,” అంది తల ఎత్తకుండానే. బోర్డులో ఏమీ దొరకలేదు. దొరకనందుకు కూడా నన్నే అనుమానంగా చూసింది.

మర్నాడు కంపెనీ వ్యాన్‌లో ఇద్దరం బొంతపల్లి పోయాం. ప్రెస్సు మీద టేపు ముక్క ఎక్కడుందో ఆలియా చేత్తో జానలు వేసి కొలిచింది. సెన్సార్‌కు చాలా దూరం. “తర్వాత పీకి అక్కడ అతికిచ్చుండచ్చు,” అని గొణిగింది. మేనేజర్ వచ్చి ఏదో చెప్పబోతే, “మీరు సంచి చూసినప్పుడు పక్కన ఎవరున్నరు?” అని ఆయన్నే అడిగింది. ఆయన మొహం మాడిపోయింది. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు ఆ పిల్ల ముద్దొచ్చింది.

చిన్నరాములు గేటు ఎదురుగా చాయ్ హోటల్లోనే ఉన్నాడు. లోపలికి రానివ్వకపోయినా రోజూ షిఫ్టు వేళకు వచ్చి అక్కడే కూర్చుంటున్నాడట. నా ఈడు మనిషి. ఆలియా ఎదురుగా స్టూలు లాక్కుని పోలీసు మాదిరిగా మొదలుపెట్టింది.

“పొద్దుగాల మిషన్ కాడికి వచ్చినకాడికెల్లి చెప్పు కాకా. ఏం చేసినవ్?”

“స్విచ్ ఏసిన. రేకు వెట్టిన. చెయ్యి దీసి పెడల్ తొక్కిన. దిగలే. మల్ల తొక్కిన. దిగలే. రేకు అడ్డం వడ్డదేమో అని చెయ్యి వెట్టిన. దబ్బున దిగింది.”

“కాలు పెడల్ మీదనే ఉన్నదా?”

“ఉండె. ఉండొద్దు. అది నా తప్పే, కాదంటలేను. టేపు మాత్రం నేను ఎయ్యలే బిడ్డా. మా ఇంటిది పోశమ్మ గుడ ‘నా మీద ఒట్టేసి చెప్పు’ అన్నది. ఏసి చెప్పిన. మల్ల గుడ నా దిక్కు గట్లనే చూస్తది.”

ఆలియా పోశమ్మ సంగతి విననే లేదు. “చెయ్యి బయట ఉంటె దిగలే. లోపల వెడితె దిగిందా?” అని మళ్ళీ అడిగింది.

“అవ్.”

నా వైపు తిరిగి మెల్లగా అంది. “టేపు ఏస్తే ఎప్పుడు తొక్కినా దిగాలె శివన్నా. ముందుగాల ఎందుకు ఆగుతది? అబద్ధమన్న చెప్తుండాలె, లేకుంటె...” మధ్యలో ఆపేసి మళ్ళీ ఆయన మీద పడింది. “కాకా, నోటితోటి కాదు. చేసి చూపెట్టు. గీ బల్లనే మిషన్ అనుకో.”

చిన్నరాములు చాయ్ గ్లాసులు పక్కకు జరిపాడు. గాల్లో స్విచ్ వేశాడు. బల్ల అంచును రెండు చేతుల వేళ్ళ కొసలతో చటుక్కున తాకి, కళ్ళకద్దుకున్నాడు. లేని రేకు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆగు. అదేంది?”

“ఏది?”

“నడుమల చేతులతోటి ఏం చేసినవ్?”

చిన్నరాములు తన చేతులకేసి చూసుకున్నాడు. “ఏం చెయ్యలే. మొక్కిన.”

“మరి ఇందాక చెప్పలేదేంది? దాస్తున్నవా?”

“దాస్తనా! మొక్కింది గుడ పనేనా బిడ్డా, చెప్పనీకె? పెయ్యి గోక్కున్నది గుడ చెప్పమంటవా?” అని ఆయనకూ కోపమొచ్చింది.

“అందరు మొక్కుతరు గద కాకా. వాళ్ళ మిషన్లు మంచిగనే ఉన్నయి.”

“వాళ్ళు స్విచ్ ఏసేముందు మొక్కుతరు. నేను ఏసినంక మొక్కుత. కరెంటు రానిది అది ఉత్త ఇనుమే గద. ఇనుముకు మొక్కుతమా ఎవలమన్న?”

ఆలియా లేచి నిలబడింది. చాయ్ అక్కడే వదిలేసి వ్యాన్ వైపు నడిచింది.

షెడ్డుకు వచ్చాక బల్ల మీద సెన్సార్, అద్దం, పెట్టె బిగించి కూర్చుంది. అచ్చుకు బదులు ఒక బల్బు. చేయి కిరణంలో ఉంటే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలగాలి. పెన్నుతో కొట్టి చూసింది, స్కేలు అడ్డం పెట్టి తీసింది. అంతా సవ్యంగానే ఉంది. “టేపే ఏసిండో ఏమో!” అని గట్టిగానే అనుకుంది. తర్వాత చున్నీ వెనక్కి కట్టుకుని, చిన్నరాములు చేసినట్టే వేళ్ళ కొసలతో కిరణాన్ని చటుక్కున తాకి కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. మళ్ళీ, మళ్ళీ. అటుగా పోతున్న ప్యాకింగ్ ఆడవాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. ఆలియా మేడం మిషన్‌కు మొక్కుతోందని నిమిషంలో షెడ్డంతా పాకిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక టేబుల్ కిందికి వంగాను.

లేచేసరికి బల్బు ఎర్రగా వెలుగుతోంది. ఆమె చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. ఇప్పుడు చేయి పెట్టింది. పచ్చగా మారింది. తీసింది. ఎర్రగా మారింది. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. చేయి బయట ఉంటే ఆగడం, లోపల పెడితే దిగడం. చిన్నరాములు చెప్పింది అక్షరాలా అదే.

జరిగిందేమిటో ఆలియా నాకు చెప్పిన తీరులోనే చెప్తాను. బోర్డు మీది ప్రాసెసర్ తన పనిలో తానుంటుంది. కిరణం తెగినప్పుడూ, మళ్ళీ కలిసినప్పుడూ దాని తలుపు చప్పుడవుతుంది. ఆ చప్పుడు పేరే ఇంటరప్ట్. తలుపు కొట్టారన్న గుర్తుకు ఒక జెండా లేస్తుంది. ప్రాసెసర్ చేతిలో పని ఆపి, తలుపు దగ్గరికి పోయి, వచ్చిందేమిటో రాసుకుని, జెండా దించి తిరిగి వస్తుంది. ఆ తలుపు సంగతి చూసుకునే ప్రోగ్రాం ముక్కను డ్రైవర్ అంటారు. మొదటి చప్పుడుకు చేయి లోపలికి, తర్వాతి చప్పుడుకు చేయి బయటికి, ఇలా ఒకటి విడిచి ఒకటి లెక్క పెట్టుకుంటుంది.

ఈ డ్రైవర్ రాసేటప్పుడే ఆలియా తన బుద్ధి చూపించింది. చప్పుడైతే నిజంగా ఎవరైనా వచ్చారా, గాలికి తలుపు కొట్టుకుందా అని అనుమానం. ప్రెస్సుల అదురుకు సిగ్నల్ వణికే మాట నిజమే. అందుకని చప్పుడు వినగానే, నమ్మకుండా, తలుపు దగ్గరే కాసేపు ఆగి, ఆ తర్వాతే జెండా దించమని రాసింది. ఆగిన ఆ కాసేపట్లో రెండో చప్పుడు నిజంగానే వస్తే? దాని జెండా కూడా మొదటిదానితో కలిపి దించేస్తుంది. రెండో మనిషి వచ్చినట్టే తెలియదు. పని చేసే చేయి లోపలికి పోయి బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు. మొక్కే వేళ్ళు, రోజూ కాకపోయినా ఏదో ఒకనాడు, కిరణాన్ని తాకీ తాకనట్టు మరీ చటుక్కున తాకి వచ్చేస్తాయి. ఒక చప్పుడు మాయం. అక్కణ్ణుంచి లెక్కంతా తిరగబడుతుంది.

“శివన్నా, నీ బోర్డు మంచిగనే ఉంది,” అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి విన్న మాట. కాలరెగరేద్దామనుకున్నాను. ఆ మొహం చూశాక మనసొప్పలేదు.

ప్రోగ్రాం మార్చడం పెద్ద పని కాదు. జెండా ముందే దించేయాలి. చప్పుళ్ళు లెక్కపెట్టడం మానేసి, తలుపు చప్పుడైన ప్రతిసారీ కిరణం తెగి ఉందా కలిసి ఉందా అని నేరుగా చూడాలి. సాయంత్రానికల్లా రాసేసింది. తను రాసిందాన్ని తనే నమ్మక, ఇంకా చాలాసేపు వేళ్ళతో మొక్కుతూనే ఉంది.

మురళీమోహన్ గారు అంతా విన్నారు. “సరే. కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పి అన్ని పెట్టెలల్ల మార్చేద్దాం. కారణం తెల్వలేదని రాద్దాం. వాళ్ళ మేనేజర్‌తోటి నేను మాట్లాడుత. గా ఆపరేటర్‌ను వార్నింగ్ ఇచ్చి పనిలకు తీసుకుంటరు. అందరికీ మంచిగుంటది,” అన్నారు.

“వార్నింగ్ దేనికి సార్?”

“ఏదో ఒకటి ఇయ్యాలె గదమ్మా.”

“టేపు ఏసినందుకా?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. చెడ్డ మనిషని నేననను. ఈ పేరు బయటికి పొక్కితే పెట్టెలన్నీ తిరిగొస్తాయి, షెడ్డులో మా అందరి బతుకూ దాని మీదే ఉంది. “ఆలోచించుకో,” అన్నారు. ఆలియా లేచి తన బల్ల దగ్గరికి పోయింది. ఆవిడ వాదించలేదంటే నాకే భయం.

కొత్త ప్రోగ్రాం వేయడానికి మళ్ళీ బొంతపల్లి పోయాం. షిఫ్టు మారే వేళ. దిగిపోయేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ప్రెస్సుల దగ్గర గుంపుగా ఉన్నారు. మురళీమోహన్ గారు ముందే మాట్లాడినట్టున్నారు, మేనేజర్ చిన్నరాములును లోపలికి పిలిపించి, అందరి ముందర అన్నాడు. “ఈసారికి పోనీ అని వదిలేస్తున్నం. ఇగనన్న బుద్ధిగ ఉండు.”

చిన్నరాములు తల దించుకున్నాడు. “నేను టేపు ఎయ్యలే సార్,” అన్నాడు, నేలతో అన్నట్టు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఆలియా సంచిలోంచి పెట్టె తీసింది. కొత్తది కాదు, పాత ప్రోగ్రాం ఉన్నదే. “ఏంది ఆలియా, వద్దు,” అన్నాను. వినలేదు. పెడల్ తీగ ఊడదీసి, అచ్చు దిగకుండా కట్టించి, పెట్టె బిగించి స్విచ్ వేసింది. అందరూ చూస్తుండగా వేళ్ళ కొసలతో తాకి కళ్ళకద్దుకుంది. మొదట ఏమీ కాలేదు. మళ్ళీ చేసింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. చేయి లోపల పెట్టింది. పచ్చ దీపం వెలిగింది.

“పచ్చ అంటే దిగొచ్చు అని. నా చెయ్యి లోపలుంది. చూసిండ్రు గద?” అంది గుంపుతో. “టేపు లేదు, ఏం లేదు. తప్పు నేను రాసిన ప్రోగ్రాంది. గీ కాకది కాదు.”

మేనేజర్ “మేడం, ఆఫీసుల మాట్లాడుకుందాం” అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. ఒకడు చిన్నరాములు భుజం తట్టి, “నేను ముందుగాలనే అనుకున్న అన్నా!” అన్నాడు. కిసుక్కుమన్నది వాడేనని నా నమ్మకం. నాకు మాత్రం పొంగిపోయినంత పనైంది. రేపు మురళీమోహన్ గారు ఏమంటారో ఏమో గానీ, ఆ క్షణాన ఆ పిల్ల నా కూతురైనా బాగుండుననిపించింది.

చిన్నరాములు నవ్వలేదు. ఆలియా దగ్గరికి వచ్చాడు.

“బిడ్డా, ఒక్క మాట. చాయ్ హోటల్ల కూసున్ననాడు, టేపు ఎయ్యలే అని నేనన్న. అప్పుడు నమ్మినవా నన్ను?”

నమ్మాననవే తల్లీ అని లోపల మొక్కుకున్నాను. ఒక్క అబద్ధం, దానికేం పోతుంది? కానీ అడిగింది ఎవర్ని!

“లేదు కాకా,” అంది ఆలియా. “నమ్మలే.”

ఆయన తలూపాడు. నా వైపు చూశాడు. నేను బూట్ల వైపు చూసుకున్నాను. భుజం తట్టినవాడి వైపు, వాడి పక్కవాళ్ళ వైపు ఒక్కొక్కరినీ చూశాడు. గ్లౌజులు సర్దుకునేవాళ్ళు సర్దుకున్నారు, మంచినీళ్ళ వైపు పోయేవాళ్ళు పోయారు.

“టేపు ఎయ్యలేదని ఇయ్యాల గీ డబ్బా చెప్పింది, అందరు విన్నరు. నేను అప్పటిసంది చెప్తనే ఉన్న,” అన్నాడు చిన్నరాములు.

ఆ మాట అని తన ప్రెస్సు దగ్గరికి పోయాడు. ఆలియా పాత పెట్టె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కొత్తది బిగించాలని నేను రెండుసార్లు పిలిచాను. వినపడినట్టు లేదు. చివరికి నేనే పోయి బిగించాను.